మైకు బాబాయి నెత్తిన మీసాలపిట్ట

మైకు బాబాయి ఒక పూటంతా నోరు మూసుకుని నిలబడ్డాడంటే కూరగాయల మార్కెట్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఒట్టేసి చెప్పినా నమ్మరు. "ఊరుకోండి, ఆయన నిద్రలో కూడా వేలం పాడతాడు" అంటారు. నమ్మకపోతే వాళ్ళ ఖర్మ. జరిగింది జరిగినట్టు చెప్పడం వరకే మన పని.

ఆయన వృత్తి వేలం. తెల్లారకముందే లారీలొచ్చి మార్కెట్ షెడ్డు ముందు ఆగుతాయి. టమాటాలు, క్యాబేజీలు, ఉల్లిపాయలు గుట్టలుగా దిగుతాయి. బాబాయి ఒక ఖాళీ పెట్టె బోర్లించి దాని మీదకెక్కి పాట మొదలుపెడతాడు. ఎదురుగా కొనేవాళ్ళు, వాళ్ళ వెనక బస్తాలు మోసేవాళ్ళు, ఆ వెనక లారీల హారన్లు. ఇంత గోలలోనూ ఆయన "ఒకటోసారీ" అంటే అవతలి గేటు దగ్గర టీ తాగుతున్నవాడు కూడా ఉలిక్కిపడి చెయ్యెత్తేస్తాడు. పాపం అలా ఎత్తినందుకు ఒకాయన లారీడు క్యాబేజీ ఇంటికి తోలుకెళ్ళాడు. గొంతు అరిగిపోతుందేమోనని మార్కెట్ సంఘం వాళ్ళు జాలిపడి ఒకసారి మైకు కొనిపెట్టారు. ఆయన అందులో "హలో" అన్నాడు. స్పీకరు పగిలింది. అప్పట్నుంచీ ఆయనే మైకు. చిన్నా పెద్దా అందరికీ మైకు బాబాయే. కన్నవాళ్ళు పెట్టిన పేరు బ్యాంకు వాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

గొంతు తర్వాత ఆయనకి ఈ లోకంలో గర్వకారణం జుట్టు. తాటిచెట్టంత మనిషి, పైన నల్లగా ఒత్తుగా వెనక్కి దువ్విన జుట్టు. ఈడువాళ్ళందరికీ నెత్తి మీద వెన్నెల కాస్తుంటే ఈయనకి మాత్రం అడవి మిగిలింది. రంగేస్తాడని అందరికీ తెలుసు. "రంగా? ఛ! మంచి నూనె రాస్తే నలుపదే వస్తుంది" అని బుకాయిస్తాడు. చొక్కా జేబులో పెన్నుండదుగానీ దువ్వెన ఉంటుంది.

ఇక పిన్ని. ఆవిడ ఆసుపత్రిలో చెవి పరీక్ష గదిలో పని చేస్తుంది. గోడలకి మెత్తటి స్పాంజి, జానెడు మందం తలుపు, లోపల ఒక కుర్చీ. కుర్చీలో కూర్చున్నవాళ్ళకి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, గాజు కిటికీ అవతల కూర్చుని ఆవిడ బొత్తాలు నొక్కుతుంది. చీమ తుమ్మినంత శబ్దం వస్తుంది. "వినపడితే చెయ్యెత్తండి" అంటుంది. రోజంతా అంత చిన్న చిన్న శబ్దాల మధ్య బతికి, సాయంత్రం ఇంటికొస్తే మైకు బాబాయి. జంటల్ని కలిపే దేవుడు కూడా మధ్యాహ్నం పూట ఒక కునుకు తీస్తాడేమో. మూడో అంతస్తులో బాబాయి "ఉప్పెక్కడోయ్?" అంటే కింద వాటా వాళ్ళు ఉప్పు డబ్బా పట్టుకుని పైకొచ్చిన రోజులున్నాయి.

అయినా కాపురం బాగానే సాగింది. పిన్నికి ఒక్క పిచ్చి ఉండేది, పిట్టల పిచ్చి. ఆదివారం పొద్దున్నే బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని పార్కుకి పోయేది. అక్కడ ఆవిడలాంటి వాళ్ళది ఒక సంఘం ఉంది. సాయంత్రం టీ గ్లాసులు తెచ్చి బాబాయి పక్కన కూర్చుని, తన చిన్న గొంతుతో ఆ రోజు చూసిందంతా చెప్పేది. "ఇవాళ ఒక పిట్ట నీళ్ళల్లో తన నీడతోనే పోట్లాడిందండీ. నీడ వెనక్కి తగ్గట్లేదని అలిగి వెళ్ళిపోయింది" అనేది. బాబాయి టీవీ చూస్తూ "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ పక్కింటికి కూడా వినపడేది.

ఆ పార్కు చెరువు పక్కన రెల్లు పొదల్లోకి వసంతంలో ఒక పిట్ట వస్తుంది. ఒక్కో ఏడాది అసలు రాదు. పుస్తకంలో దానికి నోరు తిరగని పేరొకటుంది. సంఘం వాళ్ళు మీసాలపిట్ట అంటారు. గుప్పెడంత ఉంటుంది, ముక్కుకి అటూ ఇటూ నల్లటి మీసాలు వేలాడుతుంటాయి. పిన్ని దాని కూత ఎన్నోసార్లు విన్నది. ఆ చెవుల నుంచి ఏ కూతా తప్పించుకోలేదు. కానీ పిట్ట మాత్రం ఒక్కసారీ కంటపడలేదు. కిందటేటి ముందటేడు వసంతంలో, సరదా పుట్టి బాబాయి కూడా ఆవిడతో వెళ్ళాడు. రెల్లు కదిలింది. పిన్ని ఊపిరి బిగబట్టి బైనాక్యులర్స్ కళ్ళకి ఆనించుకుంది. సరిగ్గా అప్పుడు బాబాయి ఫోను మోగింది. ఆయన ఎత్తి, "హలో" అన్నాడు.

పార్కులో ఉన్న పిట్టలన్నీ ఒక్కసారే లేచాయి. బాతులు లేచాయి. పార్కు బయట స్టాపులో కూర్చున్నవాళ్ళు బస్సొచ్చిందనుకుని వాళ్ళూ లేచారట.

పిన్ని పల్లెత్తు మాట అనలేదు. ఇంటికొచ్చి వంట చేసింది, వడ్డించింది, దీపం ఆర్పింది. కానీ ఆ తర్వాత ఆదివారం సాయంత్రం టీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. "ఏం చూశావోయ్ ఇవాళ?" అని బాబాయే అడిగాడు. "ఏముంటాయండీ, పిట్టలు" అంది. అంతే. ఆ రోజు నుంచీ అంతే. మొదట్లో ఆయనకి హాయిగానే అనిపించింది, టీవీ చక్కగా వినపడుతోంది కదా అని. తర్వాత తర్వాత ఆ టీవీ ఎదురుగా కూర్చుంటే ఏదో వెలితి. తిట్టినా బాగుండును, ఒకసారి పెద్దగా పోట్లాడినా బాగుండును. పోట్లాటంటే ఆయనకి చేతనైన విద్య. ఈ మౌనానికి ఏం పాట పాడాలో తెలియలేదు. ఆయనకి కావలసింది ఒకటే: ఆవిడ మళ్ళీ పక్కన కూర్చుని ఆ పిట్టల కబుర్లు చెప్పాలి. ఈసారి టీవీ కట్టేసి వింటాడు. కానీ ఆ మాట ఎలా అడగాలో తెలియక, అంత గొంతున్న మనిషి గుడ్లప్పగించి కూర్చునేవాడు.

ఈ వసంతంలో మీసాలపిట్ట కూత మళ్ళీ వినపడిందని కబురొచ్చింది. ఆ వారమే పిన్ని ఆసుపత్రిలో తడిగచ్చు మీద జారి కుడి మణికట్టు బెణికించుకుంది. చేతికి కట్టు. చెరువు అవతలి ఒడ్డు చూసే పెద్ద దుర్భిణికి ఇనప స్టాండు ఒకటుంది, చంటిపిల్లాడంత బరువు. అది ఎవరు మోస్తారు?

"నేను మోస్తానోయ్" అన్నాడు బాబాయి.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీరా?"

"ఏం? నోరు మూసుకుని మోస్తాను."

మాట మీద నమ్మకం లేక ఆవిడ ఆయన్ని మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళి చెవి పరీక్ష గదిలో కూర్చోబెట్టింది. శబ్దం కొలిచే మీటరు ముందు పెట్టి, "మీకు చేతనైనంత మెల్లిగా ఏదైనా అనండి" అంది. ఆయన ఒళ్ళంతా బిగించి, చెమటలు కక్కుతూ, "బెండకాయ" అని గుసగుసలాడాడు. మీటరు ముల్లు చూసి పిన్ని పెదవి విరిచింది. "మీ గుసగుస మామూలు మనుషుల కేకండీ."

అందుకని షరతులు పెట్టింది. పార్కు గేటు దాటాక ఒక్క మాట కూడా రాకూడదు. దగ్గొస్తే మింగాలి. తుమ్మొస్తే బయటికి పరిగెత్తాలి. బాబాయి "సరే" అన్నాడు. "ఆ సరే కూడా తల ఊపి చెప్పాలి" అంది. ఆయన తల ఊపాడు. గేటు దగ్గరికొచ్చాక ఆవిడ ఆగి, ఆయన వైపు చూడకుండా ఒక మాటంది. "ఈసారి కూడా పోయిందంటే నేనింక పార్కుకి రానండీ. మానేస్తాను." మామూలుగానే అంది. బాబాయి గుండెలో మాత్రం రాయి పడింది.

సంఘానికి పెద్ద డ్రాయింగు మాస్టారు. ఉద్యోగం దిగి చాలాకాలమైంది గానీ క్లాసు మాత్రం దిగలేదు. ఆ సంఘానికి ఉన్నన్ని నియమాలు కోర్టుకి కూడా ఉండవు. ఫోన్లన్నీ ఒక సంచీలో వేసి గేటు దగ్గర చెట్టుకి వేలాడదీయాలి. ఇది బాబాయి పుణ్యమా అని వచ్చిన నియమం. మాటలుండవు, అన్నీ చేతి సైగలే. ముక్కు కింద రెండు వేళ్ళూ అటూ ఇటూ దింపితే మీసాలపిట్ట. అన్నిటికన్నా ముఖ్యమైంది గుంజ నియమం. పిట్టని ఎవరు ముందు చూస్తే వాళ్ళు ఉన్నచోటే గుంజలా నిలబడి చెయ్యెత్తాలి. మిగతావాళ్ళు వచ్చి, సంఘంలో చేరిన వరస ప్రకారం, ఒకరి తర్వాత ఒకరు చూడాలి. ఆఖరి మనిషి చూసేదాకా గుంజ కదలకూడదు. బయటి మనిషిని వెంటబెట్టుకొచ్చినవాళ్ళు ఎంత పాతవాళ్ళయినా వరసలో చిట్టచివర.

అంటే ఆ రోజు చిట్టచివరి మనిషి పిన్ని.

ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. చెట్లకి లేత చిగుళ్ళు, గాలిలో దూది లాంటి పూల నూగు. మాస్టారు బాబాయిని చూసి, పరీక్ష హాల్లో చిట్టీ దొరికినట్టు ముఖం పెట్టి, రెల్లు పొదల దగ్గర స్టాండు పక్కన నిలబడమని వేలు చూపించారు. తోడుగా, నిజానికి కాపలాగా, మందుల షాపాయన్ని ఉంచారు. మిగతా అందరూ వంతెన దాటి చెరువు అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయారు. కూత అటు నుంచి వచ్చిందని పిన్నే చెప్పింది. చెప్పిందంటే, సైగ చేసింది.

బాబాయి నిలబడ్డాడు. మొదట వీపు దురద పెట్టింది. తర్వాత పాట పాడాలనిపించింది. అటుగా వచ్చిన బాతుల్ని చూస్తే, వీటికి ఏ ధర పలుకుతుందా అని నోరు దానంతటదే తెరుచుకోబోయింది. మూసుకున్నాడు. ఎండకి మాడు వేడెక్కితే టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు, దువ్వెనతో జుట్టు ఓసారి వెనక్కి దువ్వుకున్నాడు. ఇంతలో నెత్తి మీద ఏదో తేలిగ్గా పడింది. ఆకేమో అనుకున్నాడు. దులుపుకుందామని చెయ్యెత్తబోతుంటే మందుల షాపాయన ముఖం కనపడింది. ఆయన కళ్ళు రెండూ గూళ్ళలోంచి బయటపడేట్టున్నాయి. తన ముక్కు కింద రెండు వేళ్ళు పెట్టుకుని అటూ ఇటూ దింపాడు. తర్వాత ఆ వేలితోనే బాబాయి నెత్తి చూపించాడు.

బాబాయి కొయ్యబారిపోయాడు. సగం లేచిన చెయ్యి సగంలోనే ఉండిపోయింది.

అప్పుడు చురుక్కుమంది. పిట్ట ఒక వెంట్రుక పట్టుకుని పీకింది. మామూలుగా కాదు, కాళ్ళు తన్నిపెట్టి, వెనక్కి వాలి, బావిలోంచి చేద లాగినట్టు లాగింది. ఊడింది. పిట్ట ఎగిరి రెల్లులోకి దూరింది. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ వచ్చి వాలింది. మళ్ళీ పీకింది. అది గూడు కట్టుకుంటోంది. ఈ చుట్టుపక్కల ఇంత మంచి సరుకు ఇంకెక్కడా దొరకలేదు కాబోలు.

నొప్పికి బాబాయి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. గొంతులో మార్కెట్ అంత కేక లేచి వచ్చి పళ్ళ వెనక ఆగింది. మింగాడు. మందుల షాపాయన అప్పటికి తేరుకుని చెయ్యెత్తాడు. అవతలి ఒడ్డున ఎవరో ఆ చెయ్యి చూసి తనూ చెయ్యెత్తారు, వాళ్ళని చూసి ఇంకొకరు. చెరువు చుట్టూ చేతులు లేచాయి. అందరూ వంతెన మీదుగా బయల్దేరారు. పరిగెత్తకూడదని నియమం ఉంది కాబట్టి, వెనక పోలీసులు తరుముతున్న దొంగల్లాగా గబగబా నడిచారు.

వచ్చి చూసి అందరూ నోరు వెళ్ళబెట్టారు. సంతోషించాల్సిన మాస్టారు మాత్రం నొసలు చిట్లించారు. ఆయనకో ధర్మసందేహం వచ్చింది. మందుల షాపాయన్ని దూరంగా లాగి చెవిలో గొణిగారు. "గుంజ ఎవరు?"

"నేనే కదా మాస్టారూ. ముందు చూసింది నేను."

"పిట్ట వాలింది ఆయన మీద. కదలకూడనిది ఆయన. కానీ ఆయన పిట్టని చూడలేదు. చూడనివాడు గుంజ ఎలా అవుతాడు?"

"పోనీ ఆయన అతిథి కదా..."

"అతిథి మీద పిట్ట వాలితే ఏం చెయ్యాలో నియమాల్లో లేదు."

ఇంత అవసరమైన సమయంలో ఇద్దరూ తలలు దగ్గరపెట్టుకుని మల్లగుల్లాలు పడుతుంటే బాబాయి నెత్తి మీద నుంచి ఇంకో నాలుగు వెంట్రుకలు పోయాయి. చివరికి మాస్టారు తేల్చారు. పిట్ట వాలింది కాబట్టి ఈయన ప్రస్తుతానికి మనిషి కాదు, కొమ్మ. కొమ్మకి దగ్గరగా ఎవరూ పోకూడదు. కొమ్మతో ఎవరూ మాట్లాడకూడదు. కొమ్మ ఎలాగూ మాట్లాడదు. మందుల షాపాయన తల గోక్కున్నాడు. "మరి కొమ్మ అయితే అతిథి కానట్టే కదండీ. అలాంటప్పుడు వాళ్ళావిడ వరసలో చివర ఎందుకుండాలి?" మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "గేటులోకి వచ్చేటప్పుడు అతిథే. కొమ్మ అయింది తర్వాత."

న్యాయం అంటే న్యాయమే. చూసేవాళ్ళు నిలబడడానికి నేల మీద ఒక గీత గీసి వరస కట్టారు.

మొదట మాస్టారు చూశారు. చూస్తూనే ఉన్నారు. బైనాక్యులర్స్‌లో ఇంత దగ్గరిది మసకగా కనపడుతుందని రెండడుగులు వెనక్కి, మరో రెండడుగులు వెనక్కి వేసుకుంటూ పోయి నీళ్ళలో కాలేశారు. అయినా కళ్ళు తిప్పలేదు. తర్వాత అక్కాచెల్లెళ్ళిద్దరు చూశారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడ్చారు. బాబాయి కళ్ళలో కూడా ధారలు కారుతుండటం చూసి, పాపం ఎంత సున్నితమైన మనిషో అనుకుని ఇంకాస్త ఏడ్చారు. అటుగా పరిగెత్తుకుంటూ వచ్చిన ఒకాయన ఆగి, రొప్పుతూ, బాబాయినే అడిగాడు. "సార్, వెనక గేటుకి ఎటు పోవాలండీ?" కొమ్మ ఉలకలేదు, పలకలేదు. "అబ్బో, ఎంత పొగరో! నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయా?" అని విసుక్కుంటూ వెళ్ళిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక బాబాయిని మాట్లాడవేమని తిట్టిన మొదటి మనిషి అతనే.

పిట్ట మాత్రం పొద్దున్నే డ్యూటీ ఎక్కినట్టు వస్తోంది, పీకుతోంది, పోతోంది. ఒకేచోట పీకుతోంది, నడినెత్తి మీద. గాలి తగిలి అక్కడ చల్లగా అనిపించింది బాబాయికి. ఎన్నాళ్ళుగానో గాలి తగలని చోటు. అయ్యో నా జుట్టు అని మొదట లోలోపల గగ్గోలు పెట్టాడు. రేపు పెట్టె ఎక్కితే మార్కెట్టంతా పైనుంచి కాదుగానీ పక్క నుంచైనా చూస్తుంది కదా. ఇంతలో వరస చివర ఆయనకి పిన్ని కనపడింది. కట్టు కట్టిన చేతిని గుండెకి ఆనించుకుని నిలబడి ఉంది. ముందున్నవాళ్ళ భుజాల మీదుగా తొంగి చూడట్లేదు. చూస్తే వరస తప్పినట్టు. తల వంచుకుని నేల చూస్తోంది. ఎన్నో ఏళ్ళుగా దాని కోసం కళ్ళు కాయలు కాసిన మనిషి, నియమం అన్నారని నేల చూస్తూ నిలబడింది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ఉండు, ఉండు, ఉండు అంటోందని ఆయనకి ఇంత దూరం నుంచీ తెలిసిపోయింది.

బాబాయికి ఒక్కసారిగా భయం పట్టుకుంది. ఈ దిక్కుమాలిన పిట్టకి గూడు నిండిపోతేనో? చాల్లే అనుకుని ఇక రాకపోతేనో? జుట్టు పోతుందన్న బెంగ ఎటుపోయిందో పోయింది. జుట్టు చాలదేమోనన్న బెంగ పట్టుకుంది. తీసుకో తల్లీ, ఎంత కావాలంటే అంత తీసుకో, కానీ ఆవిడ వచ్చేదాకా రా, అని మనసులో మొక్కుకున్నాడు. తిక్కలోడా, మొక్కుకునేది పిట్టకా అని తనని తనే తిట్టుకున్నాడు. మళ్ళీ మొక్కుకున్నాడు. ముందున్న ఒకావిడ బైనాక్యులర్స్ తుడుచుకుని తుడుచుకుని చూస్తుంటే ఆయనకి ఒళ్ళు మండింది. ఎంతసేపమ్మా, పెళ్ళి చూపులా, త్వరగా కానివ్వు అని అరవాలనిపించింది. పళ్ళు నూరుకుందామంటే దవడ కదులుతుంది. అదీ లేదు.

ఆఖరికి పిన్ని వంతు వచ్చింది.

గీత గీసిన చోటికి వచ్చి నిలబడి తలెత్తింది. కళ్ళు చిట్లించింది. ఎడమ చేత్తో నుదుటి మీద నీడ పెట్టుకుంది. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. బాబాయికి అర్థం కాలేదు. పిట్ట నెత్తి మీదే ఉంది, గోళ్ళు గుచ్చుకుంటున్నాయి. తర్వాత తెలిసొచ్చింది. ఆవిడ పొట్టి. ఈయన తాటిచెట్టు. పిట్ట వెనక సరిగ్గా సూర్యుడున్నాడు. ఆవిడకి కనపడుతున్నది నల్లటి మరక. మిగతావాళ్ళంతా ఎత్తు మనుషులు, పైగా వాళ్ళప్పుడు ఎండ ఇంకా వాలుగా పక్క నుంచి పడింది. ఆవిడ పక్కకి జరగచ్చు, కానీ ఒకవైపు చెట్టు అడ్డం, ఒకవైపు రెల్లు. వెనక్కి పోతే నీళ్ళు. ఆవిడ ఎడమ చేత్తో బైనాక్యులర్స్ ఎత్తింది. ఒంటి చేత్తో అవి గడగడ వణికాయి. దించేసింది. పిన్ని కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ఎండ వల్ల మాత్రం కాదు.

ఇక బాబాయి చెయ్యగలిగింది ఒకటే.

ఆయన మోకాళ్ళ సంగతి చెప్పలేదు కదూ. ఏళ్ళ తరబడి పెట్టె మీద నిలబడి నిలబడి అవి బిగుసుకుపోయాయి. కుర్చీలో కూర్చోవాలంటేనే బాబోయ్, అమ్మోయ్ అని నాలుగు కేకలు పెడతాడు. ఆ మోకాళ్ళని ఆయన కొంచెం వంచాడు. నెత్తి మీద నిండు గిన్నె ఉన్నట్టు, మెడ నిటారుగా ఉంచి, వెంట్రుకవాసి చొప్పున కిందికి దిగడం మొదలుపెట్టాడు. పిట్ట పీకడం ఆపింది. అందరికీ ఊపిరి ఆగింది. అక్కాచెల్లెళ్ళలో ఒకావిడ కళ్ళు మూసుకుంది. మందుల షాపాయన, "మాస్టారూ, కొమ్మ వంగొచ్చా?" అన్నట్టు సైగ చేశాడు. నీళ్ళల్లో నిలబడ్డ మాస్టారు కాసేపు ఆలోచించి, గాలి వీచినట్టు చెయ్యి ఊపారు. వంగొచ్చు. గాలికి వంగుతుంది.

టక్కుమని మోకాలు శబ్దం చేసింది. చెరువంతా వినపడినట్టే అనిపించింది. నెత్తి మీద గోళ్ళు బిగిశాయి. రెక్కలు ఒకసారి విప్పి ముడుచుకున్న గాలి చెవికి తగిలింది. బాబాయి అలాగే ఆగాడు. తొడలు వణుకుతున్నాయి, వీపు మీద చెమట కారుతోంది, ముక్కు కొన మీద పూల నూగు వాలి గిలిగింత పెడుతోంది. మళ్ళీ దిగాడు. ఇంకొంచెం. ఇంకొంచెం. నెత్తి మీదున్న ఎండ పోయి, ఆయన వెనకనున్న చెట్టు నీడ తలకి పట్టింది.

పిన్ని నోరు తెరుచుకుంది.

బాబాయి పిట్టని చూడలేదు. ఎలా చూస్తాడు? ఆవిడ ముఖం చూశాడు. ముందు కనుబొమలు పైకి లేచాయి. తర్వాత కట్టు కట్టిన చెయ్యి దానంతటదే లేచింది. నొప్పన్న సంగతే మర్చిపోయింది. తర్వాత నవ్వింది, చప్పుడు లేకుండా, పళ్ళన్నీ కనపడేట్టు. ఆవిడకి అంత నవ్వు ఉందని ఆయన మర్చిపోయి చాలాకాలమైంది. తలుచుకుంటే సిగ్గేసింది. పిట్ట ఆవిడ వైపు చూసిందో ఏమో, నెత్తి మీద అటు నుంచి ఇటు తిరిగింది. చివరికి ఒక వెంట్రుక కాదు, ఒక పాయ పట్టుకుంది. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. అది కాళ్ళు తన్నిపెట్టి, రెక్కలు కూడా కొట్టి, ప్రాణం పోయేట్టు లాగి, ఊడబెరుక్కుని ఎగిరిపోయింది.

చాలాసేపు చూశారు. ఇక రాలేదు.

మాస్టారు తడిసిన ప్యాంటుతో వచ్చి, "కొమ్మ హోదా రద్దయింది" అని ప్రకటించారు. బాబాయి వెంటనే నేల మీద చతికిలబడ్డాడు. లేపడానికి నలుగురు పట్టుకోవలసి వచ్చింది. సంఘంలో ఉన్న ప్రతి ఒక్కరూ మీసాలపిట్టని చూసిన మొదటి రోజు ఇదేనని మాస్టారు ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చారు. బాబాయి భుజం తట్టి, "మీరొక్కరే చూడలేదు. నియమం ప్రకారం మిమ్మల్ని చూసినవాళ్ళలో కలపడం కుదరదు, ఏమనుకోకండి" అన్నారు. బాబాయి తల ఊపాడు. మందుల షాపాయన సంచీలోంచి ఒక ట్యూబు తీసి పిన్ని చేతిలో పెట్టాడు. అందరూ వెళ్ళిపోయారు.

గేటు బయట ఒక బెంచీ ఉంది. బాబాయి కూర్చున్నాడు. పిన్ని వెనక నిలబడి, ఎడమ చేత్తో ఆయన నడినెత్తి మీద మందు రాస్తోంది. పావలాకాసంత కాదు, పూరీ అంత బోడి పడింది. అక్కడక్కడా రక్తపు చుక్కలు. మందు మండింది. ఆయన కిక్కురుమనలేదు.

"గేటు దాటేశాం. ఇక మాట్లాడొచ్చు" అంది పిన్ని.

మాట్లాడదామనుకున్నాడు. నొప్పి గురించి చెప్పాలి, ఆ పరిగెత్తేవాడి పొగరు గురించి చెప్పాలి, మాస్టారి తిక్క గురించి చెప్పాలి. అన్నీ గొంతు దాకా వచ్చాయి. ఏదీ రాలేదు. వచ్చింది ఒకటే, అదీ ఆయన గొంతని ఆయనకే అనుమానం వచ్చేంత చిన్నగా.

"ఎలా ఉందోయ్ అది?"

నెత్తి మీద తిరుగుతున్న వేలు ఆగింది. బాబాయి వెనక్కి తిరిగి చూడలేదు. మళ్ళీ "ఏముంటుందండీ, పిట్ట" అంటుందేమోనని భయం.

ఆవిడ ట్యూబు మూత పెట్టి, బెంచీ చుట్టూ తిరిగి వచ్చి పక్కన కూర్చుంది. "ముందు నాకేమీ కనపడలేదండీ" అని మొదలుపెట్టింది. "ఎండలో నల్లగా ఒక ముద్ద. పోయింది, ఈ జన్మకి ఇంతే అనుకున్నాను. తర్వాత మీరు దిగుతుంటే ముందు దాని తోక కనపడింది. పొడుగ్గా, బెల్లం రంగు. తర్వాత మీసాలు. పుస్తకంలో వేసినట్టు ఉండవండీ, కొంచెం వంకర. ఎడమ వైపు మీసం కొసన మీ వెంట్రుక ఒకటి చిక్కుకుంది..."

చెప్పింది. అది కాళ్ళెలా ఆనించిందో చెప్పింది, కళ్ళే రంగో చెప్పింది, తన వైపు చూసి మెడ ఎలా వంచిందో తన మెడ వంచి చూపించింది. బస్సులు పోతున్నాయి, గేటులోంచి జనం వస్తున్నారు. బాబాయి ఊఁ అనలేదు. ఊఁ అంటే ఎక్కడ ఎగిరిపోతుందోనని ఊపిరి కూడా మెల్లిగా తీశాడు. చెప్పి చెప్పి ఆవిడ ఆగి, అనుమానంగా ఆయన ముఖంలోకి చూసింది.

"వింటున్నారా?"

"మొదట్నుంచీ చెప్పు" అన్నాడు బాబాయి.

పిన్ని మొదట్నుంచీ చెప్పింది.